పెద్దకర్మ నాడు చలికి బిగిసిన ఎయిర్ గన్ను

మీరు మా నాయన పెద్దకర్మకు రాలేదు గదా? బస్సు దొరకలే అన్నరు. మంచిదే అయింది. వచ్చుంటే ఇయ్యాల నాతోని గిట్ల కూసోని చాయ్ తాగేటోళ్ళు కాదు. ఆ రోజు వాగు ఒడ్డున చుట్టాలందరి ముందర నేను చేసిన ఘనకార్యానికి మా మేనమామ ఇప్పటికీ నాతోని మాట్లాడ్తలేడు. ఎదురుపడితే అటు తిరిగి పోతడు. ఆగున్రి, అప్పుడే నవ్వకున్రి. ఇది చావు ఇంటి ముచ్చట. పూర్తిగ విన్నంక నవ్వాల్నో ఏడ్వాల్నో మీరే చూసుకోన్రి. నాకైతే నెల రోజులయింది, ఇంకా తెలుస్తలేదు.

నేను ఊళ్ళె లేనప్పుడు నాయన నిద్రల్నే పోయిండు. మీకు తెల్సు గదా, ఈసారి చలి ఎట్ల పెట్టిందో. సాయంత్రం మిరపతోట అంతా తిరిగొచ్చిండు. రెండు ముద్దలు తిన్నడు. "చలి ఎక్కువున్నది, ఇంకో దుప్పటి ఇయ్యవే" అన్నడట అమ్మతోని. అంతే. తెల్లారి లేపబోతే లేవలే.

అమ్మకు అదే పట్టుకున్నది. "నలభై ఏండ్లు కాపురం జేసి, పోయేటప్పుడు దుప్పటి అడిగిండు. ఒక్క మాట చెప్పకపాయె. మనసుల ఏం పెట్టుకొని పోయిండో!" పది రోజులు, వచ్చినోళ్ళనల్లా ఇదే అడిగింది. మీతోని ఏమన్న అన్నడా? బజార్ల కలిసినప్పుడు ఏమన్న చెప్పిండా? పాపం వాళ్ళకేం తెలుసు. పాలు పోసేటోణ్ణి గూడ అడిగింది. వాడు బిక్కమొఖం వేసి "బర్రెకు దాణా మంచిది పెట్టమన్నడమ్మా" అన్నడు. దానికి గూడ ఏడ్చింది.

ఇగ పదకొండో రోజు పిట్టకు పెట్టుడు. మీ దిక్కు ఎట్లనో గాని, మా ఇండ్లల్ల అదే అసలు లెక్క. చనిపోయినోళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, విస్తట్ల పెట్టి, దూరం జరిగి కూసుంటం. కాకి వచ్చి ముట్టిందా, ఆయన తృప్తిగ పోయినట్టు. ముట్టలేదా, ఏదో మనసుల మిగిలినట్టు. అప్పటిదాంక ఇంట్ల ఎవ్వరు ఎంగిలి పడరు. అమ్మయితే ముందురోజు రాత్రే చెప్పింది: "పిట్ట ముట్టేదాంక నేను పచ్చి మంచినీళ్ళు ముట్ట." అసలే పది రోజుల నుంచి సరిగ తినలే మనిషి. పట్టుకుంటే ఎముకలు తగుల్తున్నయి.

మరి కాకికి పెట్టింది కాకికే అందాలె గదా? మా పొలం చండ్రుగొండకు ఇవతల, వాగు దాటితే అడివి. ఆ అడివి నుంచి పొద్దున లేస్తే కోతుల దండు దిగుతది. మిరపకాయ గూడ వదలయి, తుంచి పారేస్తయి. ఇగ గారెలు, అరటిపండ్లు కనబడితే వదుల్తయా? పంతులుగారేమో, "విస్తరి దగ్గర మనిషి ఉండరాదు, అరుపులు కేకలు పనికిరావు, కాకి బెదురుతుంది" అన్నడు.

"కోతుల సంగతి నేను చూసుకుంట" అన్న నేను.

ఎందుకన్ననో చెప్త. కర్మ చేసేది మా అన్న. కొరివి పెట్టింది అన్న, పిండాలు పెట్టేది అన్న, పంతులుగారు పేరు పెట్టి పిలిచేది అన్ననే. చిన్నకొడుకుగ నేను ఏం జేసిన? టెంటు కిరాయికి మాట్లాడిన. విస్తర్లు లెక్కపెట్టిన. నా నాయన గూడ గదా ఆయన! ఒక్క పనన్న నా చేత్తోని జేసి పంపాలె అని లోపల ఒకటే రంధి.

"కట్టె పట్టుకొని దూరంగ నిలబడరా, చాలు" అన్నడు అన్న.

"కట్టెతోని కోతులు పోతయా? నాయన ఎయిర్ గన్ను ఉన్నది గదా" అన్న నేను. చప్పుడు గూడ పెద్దగ రాదు, టప్ మంటది అంతే. కోతికి తగలనక్కర్లేదు, దాని కాళ్ళ ముందర దుమ్ము లేస్తే చాలు, దండంతా పరుగు. నాయన ఎన్నిసార్లు అట్ల తరమలే? పంతులుగారు గూడ ఆలోచించి, "హింస లేకుండా అయితే సరే" అన్నడు.

గన్ను పత్తి బస్తాల వెనక దొరికింది. గోనెసంచిల చుట్టి, పైన తాడు కట్టి ఉన్నది. ఎంత పదిలంగ పెట్టుకున్నడో నాయన అని కండ్లల్ల నీళ్ళొచ్చినయి. గొట్టం వంచితే కిర్రుమన్నది. దాని లోపల పెద్ద స్ప్రింగు, ముందర ఒక తోలు వాచరు ఉంటయి. గాలిని నూకేది ఆ వాచరే. అది ఎండిపోతే గాలి పక్కనుంచి జారిపోతది. నూనె చుక్క వెయ్యాలె. మిషన్ నూనె డబ్బా చూస్తే ఖాళీ. కొత్తగూడెం పోవుడెందుకని, అటు ఇటు చూసిన. గూట్ల కొబ్బరినూనె సీసా కనబడ్డది.

నూనె నూనెనే గదా? మూత నిండ పోసిన. చాలదేమోనని ఇంకో మూత పోసిన.

మధ్యాహ్నం ఎండల తీసుకపోయి డబ్బాకు గురి పెట్టి కొట్టిన. ఢాం! పొగ గూడ వచ్చింది! డబ్బా ఇటునుంచి అటు బొక్క పడ్డది. నేను పొంగిపోయిన. నాయన చేతుల ఇన్నేండ్లు గన్ను టప్ మన్నది, నా చేతుల పడేసరికి అసలు తుపాకయింది!

మా పొలం కాడ కన్నయ్య మామ ఉంటడు. వాగు అవతల కోయగూడెం ఆయనది. నాయన ఈడోడే. ఇద్దరు ముప్పై ఏండ్లు ఒకటే మంచె మీద కూసోని పంట కాసిన్రు. ఆయన వచ్చి డబ్బా చూసిండు, పొగ చూసిండు, ముక్కు ఎగబీల్చిండు.

"పెద్దయ్య కొడ్తే పొగ రాకపోతుండె, చిన్నయ్యా."

"నాయన సరిగ నూనె పెట్టలే మామా, గందుకే."

"రేపు పొద్దుగాల చలి ఉంటది. చలికి గన్ను గూడ మనిషి లెక్కనే ముడుచుకుంటది. పెద్దయ్య చలికాలం దాన్ని ఎండల పెట్టి, దుప్పట్ల చుట్టి తెచ్చేటోడు. అప్పటికి గూడ జానెడు పైకి పట్టి కొట్టేటోడు. రాత్రికి ఇంట్ల పెట్టుకో."

నేను నవ్విన. బీయస్సీ చదివినోణ్ణి గదా! "ఇందుల మందుగుండు లేదు, ఏం లేదు మామా. ఉన్నది గాలి. గాలికి చలేంది?" అన్న. ఆయన తువ్వాల భుజాన వేసుకొని పోయిండు. నేను గన్నును మంచె మీదనే పెట్టి ఇంటికొచ్చిన, పొద్దుగాల తయారుగ ఉంటదని.

తెల్లారింది. ఏం చలి! వాగు మీద మంచు, అవతలి ఒడ్డు కనబడ్తలేదు. అన్నకు, నాకు గుండు గీసిన్రు. ఆ గుండు మీద చల్లనీళ్ళు పోస్తే ప్రాణం పోయి వచ్చింది. వంటల కాడికి పోయి చేతులు కాపుకుంటున్న. వదిన కొబ్బరినూనె సీసాను పొయ్యి గడ్డ మీద పెట్టి అటు ఇటు తిప్పుతంది, పిల్ల తలకు రాద్దామని.

"పొయ్యి కాడ సీసా పెడ్తవేంది వదినా, పగుల్తది" అని గదిమిన.

"ఏం జెయ్యాలె మరి? రాయి లెక్క గడ్డకట్టింది. కాపితే గాని దిగదు" అన్నది.

"అవ్, బాగ చలి ఉన్నది" అన్న. అని చేతులు రుద్దుకుంట మంచె కాడికి పోయిన. చూసిన్రా? సీసా నా కండ్ల ముందరనే ఉన్నది. నూనె తెల్లగ గడ్డకట్టి ఉన్నది. అదే సీసాల నుంచి రెండు మూతలు గన్నుల పోసినోణ్ణి నేనే. ఒక్క ఆలోచనన్న వచ్చిందా? రాలే! ఏం చదివినమో ఏందో.

విస్తరి వాగు ఇసుకల పెట్టిన్రు. గారెలు, పెరుగన్నం, బెల్లం, అరటిపండ్లు, పక్కన నాయన తాగే చుట్ట ఒకటి. అన్న మొక్కి వెనక్కి వచ్చిండు. అందరు ఈ ఒడ్డున కూసున్నరు. అమ్మ అందరికన్న ముందర, చాప మీద, ఆ విస్తరి దిక్కే చూసుకుంట. నేను మంచె కింద మోకాళ్ళ మీద కూసున్న, గన్ను పట్టుకొని. ఇనుము ముట్టుకుంటే చేతులు కొంకర్లు పోతున్నయి.

కాకి రాకముందే కోతులొచ్చినయి. ముందర ఒక పెద్ద గండు, వెనక ఏడెనిమిది. గొట్టం వంచబోతే వంగుతలేదు. బలవంతంగ వంచి, గుండు పెట్టి, గండుకోతి కాళ్ళ ముందర ఇసుకకు గురి పెట్టిన. ఊపిరి బిగబట్టి నొక్కిన.

ఉస్...

గుండు బయటకొచ్చింది. రావుడు నాకు కనబడ్డది! మెల్లగ వచ్చి, నాకు పది అడుగుల దూరంల, రేగుపండు రాలినట్టు ఇసుకల పడ్డది. మళ్ళ వంచిన, మళ్ళ కొట్టిన. ఈసారి గుండు అసలు బయటకే రాలే. గొట్టంలనే ఉండిపోయింది. గండుకోతి నా దిక్కు ఒకసారి చూసింది. దానికి గన్ను అంటే తెల్సు, నాయన ఉన్నప్పుడు ఎన్నిసార్లు పరిగెత్తలే? రెండు నిమిషాలు ఆగింది. ఏం రాకపోయేసరికి కూసోని గారె తీసుకున్నది.

"హే! హే! పో!" అని లేచిన. పంతులుగారు గుడ్లు ఉరిమిండు. నేను మళ్ళ కూసున్న. ఇగ ఒక్కొక్కటే వచ్చినయి. గారెలు పాయె. అరటిపండ్లు పాయె. ఒక పిల్లకోతి చుట్ట పట్టుకొని చెట్టెక్కింది. మా మేనమామ, అమ్మకు తమ్ముడు, "అయ్యో, బావ చుట్ట!" అని నెత్తి కొట్టుకున్నడు.

అమ్మ అరిచినా బాగుండు, నన్ను తిట్టినా బాగుండు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "ఆయనకు అందలే" అన్నది, అంతే. నాకు భూమిల కూరుకపోదామనిపించింది. ఒక్క పని నా చేత్తోని చేద్దామనుకున్న. ఆ ఒక్కటి గిట్లయింది.

కన్నయ్య మామ వచ్చి గన్ను తీసుకున్నడు. గొట్టం వంచి వేలు పెట్టిండు. వేలికి తెల్లగ, వెన్న లెక్క అంటింది. వాసన చూసిండు.

"చిన్నయ్యా, ఇది తలకు పెట్టేది గదా?"

నేను తలకాయ ఊపిన.

"పెద్దయ్య రెండు చుక్కలు వేసేటోడు, మిషన్ నూనె. అది చలికి గడ్డకట్టదు" అన్నడు. గట్టిగ గూడ అనలే పాపం, ఇంకెవ్వరు వినకుండ చెప్పిండు.

పిండి మిగిలి ఉంటే వదిన మళ్ళ గారెలు వేసింది. రెండో విస్తరి పెట్టిన్రు. ఈ లోపల నేనేం జేసిన? నోరు మూసుకొని కట్టె పట్టుకొని నిలబడితే అయిపోయేది. కన్నయ్య మామ గూడ అన్నడు, "గన్ను ఇడిసెయ్, నేను కట్టె పట్టుకుంట" అని. నేను వింటనా? గన్నును తీసుకపోయి పొయ్యి కాడ పెట్టిన. వదిన సీసా పక్కన్నే. అటు తిప్పి ఇటు తిప్పి మంచిగ కాపిన. ఇనుమంతా వెచ్చగయింది, లోపల నూనె కరిగి కారుతంది. ఇరుక్కున్న గుండును పుల్లతోని నూకేసి, కొత్తది పెట్టుకున్న.

మంచు కొంచెం విచ్చుకున్నది. అప్పుడు వచ్చింది కాకి. మద్దిచెట్టు కొమ్మ మీద వాలింది. మెడ తిప్పి చూసింది. దిగింది. ఒక గెంతు, రెండు గెంతులు. అందరు ఊపిరి బిగబట్టిన్రు. అమ్మ చాప మీద సగం లేచింది, రెండు చేతులు జోడించి. ఇంక మూరెడు దూరం.

అప్పుడే పొదల నుంచి గండుకోతి మళ్ళ తల బయట పెట్టింది.

నేను గురి పెట్టిన. కన్నయ్య మామ మాట యాదికొచ్చింది, చలికి జానెడు పైకి పట్టాలె. పట్టిన. నొక్కిన.

ఢాం!

పొద్దున రానిదంతా ఒకేసారి వచ్చింది. కాగిన నూనె లోపల అంటుకున్నట్టుంది, వేడి గన్ను, పైగ జానెడెత్తు! పొగ నా మొఖం మీద కమ్ముకున్నది. గుండు కోతి మీదికెళ్ళి పోయి, ఠంగ్ మన్నది. ఎక్కడ? మా మేనమామ కాళ్ళు కడుక్కుందామని చెంబు పట్టుకొని వాగు అంచుకు పోయి ఉన్నడు. నేను చూడలే. ఆ చెంబుకు తగిలింది. మామ చెంబు ఇడిసిపెట్టి, "సచ్చిపోతినో!" అని వెనక్కి వాగుల పడ్డడు. ఈ చలికి, ఆ నీళ్ళల్ల! కొత్త పంచె, లాల్చీ, అన్ని. నలుగురు పోయి తీసిన్రు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నయి మనిషికి. అది చెంబు గాబట్టి సరిపోయింది. కంటికి తగిలుంటే? ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు జల్లుమంటది, నిజంగ చెప్తున్న.

కోతులు పోయినయి. అది ఒప్పుకోవాలె. కాకి గూడ పోయింది. ఆ కాకే కాదు, ఆ చుట్టుపక్కల ఎక్కడున్న కాకి అక్కడ లేచి అడివి మీదికి పోయింది. ఆకాశంల ఒక్కటి లేదు.

ఇగ కూసున్నం. గంట. రెండు గంటలు. పొద్దు నెత్తి మీదికొచ్చింది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నరు. అమ్మ పెదవులు ఎండిపోయినయి. నీళ్ళు తాగమంటే తల అడ్డం ఊపుతంది. "ఏదో ఉన్నది ఆయన మనసుల" అంటది. పంతులుగారు చివరికి చెప్పిండు: "ఆయనకు ఏ కోరిక మిగిలిందో. ఒక్కొక్కరు పోయి మాటివ్వండి."

అన్న పోయి మొక్కిండు. "నాయనా, అమ్మను కండ్లల్ల పెట్టుకొని చూసుకుంట." కాకి లేదు. "వాగు పక్క చెలక అమ్మం. నీ చేత్తోని పెట్టిన మామిడితోట కొట్టెయ్యం." లేదు. "తమ్ముణ్ణి వేరుగ చూడ." ఆ మాటకు నాకు దుఃఖమాగలే. కాకి మాత్రం రాలే. వదిన పోయి మొక్కింది. మా మామ దుప్పటి కప్పుకొని వణుక్కుంట పోయి, "బావా, ఇయ్యాల్టి నుంచి సారా బంద్" అన్నడు. మద్దిచెట్టు మీదికి ఒక కాకి వచ్చింది, అందరం లేచినం. అది వచ్చినట్టే వచ్చి పోయింది. మామ మాట కాకి గూడ నమ్మలే.

ఇగ మిగిలింది నేను. అందరు నా దిక్కు చూస్తున్నరు. ఆ చూపు మీకు ఎట్ల చెప్పాలె! పోయి విస్తరి ముందర కూసున్న. ఏం మాటియ్యాలె? ఆస్తి గురించి అన్న చెప్పిండు. అమ్మ గురించి చెప్పిండు. నాకు చెప్పుకోనీకి ఏం మిగలలే. చేతులు ఇంకా కొబ్బరినూనె వాసన వస్తున్నయి.

"నాయనా, ఇంక జన్మల నీ గన్ను ముట్ట" అన్న.

నేను లేచి పది అడుగులు వెయ్యలే. రెక్కల చప్పుడయింది. తిరిగి చూస్తే కాకి విస్తట్ల నిలబడి ఉన్నది. ఒకటి కాదు, మూడు! గారె ముక్కను పొడిచి పొడిచి తింటున్నయి. "ముట్టింది! ముట్టింది!" అని ఆడోళ్ళంతా ఒక్కసారి అరిచిన్రు. పంతులుగారు గడియారం చూసుకొని లేచిండు.

నేను ఉరికొచ్చి అమ్మకు గ్లాసుల నీళ్ళిచ్చిన. తాగింది. పదకొండు రోజులల్ల మొదటిసారి ఆ మొఖంల చిన్న నవ్వు చూసిన. కండ్లల్ల నీళ్ళు కారుతనే ఉన్నయి, నవ్వుతనే ఉన్నది.

"ఇప్పుడు యాదికొచ్చిందిరా," అన్నది. "దుప్పటి అడిగినంక ఒక మాటన్నడు. నేనే మర్సిన."

"ఏమన్నడమ్మా?" అని అడిగిన. అన్న గూడ దగ్గరికొచ్చిండు. అందరం వంగినం.

"'చిన్నోడు పండక్కి వస్తడు, గన్ను పత్తి బస్తాల వెనక దాచిన, వానికి చెప్పకు' అన్నడు."